కెనడా పీఆర్ ఫైల్ వెళ్లిపోయింది, హమ్మయ్య

పీఆర్ (శాశ్వత నివాసం) దరఖాస్తుకి నిన్న రాత్రి సబ్మిట్ నొక్కాక అరగంటసేపు స్క్రీన్ వైపే చూస్తూ కూర్చున్నా. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (నైపుణ్యమున్న వాళ్లని పాయింట్ల మీద ఎంచుకునే కెనడా పద్ధతి) దరఖాస్తుకి ఆహ్వానం వచ్చిన రోజు గెలిచేశాననుకున్నాను. అసలు పని అప్పుడే మొదలైంది. అన్నీ జతచేసి పంపడానికి చేతిలో 60 రోజులు!

ఐఈఎల్‌టీఎస్, డిగ్రీ ఈసీఏ (మన చదువు కెనడాలో దేనికి సమానమో చెప్పే రిపోర్టు) ముందే ఉన్నాయి, ఆ గొడవ లేదు. (భాషా పరీక్ష ఫలితం 2 ఏళ్లే చెల్లుతుంది, తేదీ చూసుకోండి.) నన్ను ఏడిపించింది అనుభవం లెటర్. "ఇంతకాలం పనిచేశారు" అని ఒక్క లైను రాసిస్తే చాలదు. హోదా, చేసిన పనులు, వారానికి గంటలు, జీతం అన్నీ లెటర్‌హెడ్ మీద ఉండాలి. పాత కంపెనీ హెచ్‌ఆర్ వాళ్లు "మా ఫార్మాట్ ఇంతే" అని మూడుసార్లు తిప్పి పంపారు. చివరికి అప్పటి మేనేజర్ గారిని బతిమాలి, పనుల వివరాలతో విడిగా సంతకం పెట్టించుకున్నా. దాంతో పాటు ఎందుకలా అయిందో నేనో వివరణ లేఖ జత చేశా.

గత 10 ఏళ్ల చరిత్రలో ఒక్క నెల కూడా ఖాళీ వదలకూడదు. ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న 4 నెలలకి "నిరుద్యోగి" అని టైప్ చేస్తుంటే, ఆ రోజులన్నీ మళ్లీ కళ్లముందుకొచ్చాయి. ఆ పదేళ్లలో వరుసగా ఆరు నెలలు, లేదా అంతకు మించి ఉన్న ప్రతి దేశం నుంచీ పోలీస్ సర్టిఫికెట్ కూడా కావాలి. నాకు రెండు. రెండోది 52వ రోజు వచ్చింది.

ఇవాళ మాత్రం మెయిల్ తెరవను. తెరిచాననుకోండి, మీరే తిట్టండి.