యాభై మీటర్లు

మంగళవారం, రాత్రి పదిన్నర

పొద్దున ఆరుంబావుకు స్కూల్ గేటు తీసేసరికే ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని ఉంది. ఇప్పుడు ఇంటర్ సెకండియర్. ఎనిమిదో తరగతిలో తనకు వెయిట్‌లిఫ్టింగ్ బార్ పట్టుకోవడం నేర్పింది నేనే. కాలేజీకి వెళ్ళినా ప్రాక్టీసుకి మా దగ్గరికే వస్తుంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. రాత్రి అన్నం తినలేదట. వచ్చే వారం పోటీ, తన బరువు కేటగిరీకి ఇంకా కిలోన్నర ఎక్కువుంది. పోటీకి రెండు గంటల ముందు తూకం వేస్తారు. అది దాటేదాకా నీళ్ళు కూడా గుక్కలు లెక్కపెట్టుకుని తాగే పిల్లల్ని చూస్తే నాకు కడుపులో దేవినట్టవుతుంది. నేనూ అలాగే తాగాను.

"మేడమ్, బాబ్‌స్లేల గిట్ల తిండి మానుడు ఉండదట గదా? లిఫ్టింగ్ చేసినోళ్ళు గూడ అండ్లకు పోతరట" అంది ఫోన్ చూపిస్తూ. బాబ్‌స్లే అంటే మంచుగడ్డ ట్రాక్ మీద స్లెడ్ అనే బండిని తోసి, ఎక్కి కూర్చుని కిందికి జారే పందెం. కాసేపాగి, "పోతే ఈ నాలుగేండ్ల కష్టం గంగల కలిసినట్టేనా?" అని అడిగింది.

ఆ మాటకి నా మనసు చివుక్కుమంది. 2000లో, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, కరణం మల్లీశ్వరి సిడ్నీలో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి వెయిట్‌లిఫ్టింగ్ పెట్టిందే ఆ ఏడాది. అది చూసే నేను ఈ ఆటలోకి వచ్చాను. ఇరవై రెండేళ్ళకి మణికట్టు పోయినప్పుడు ఒకాయన నా ముఖం మీదే "ఇంక నువ్వు దేనికీ పనికిరావు" అన్నాడు. ఈ పిల్ల ఆ మాట ఎవరి నోటా వినకూడదు. అందుకే బార్ పక్కన పెట్టించి, కూర్చోబెట్టి మాట్లాడాను.

గంగలో ఏమీ కలవదు. క్లీన్‌లో, అంటే బార్‌ని నేల మీంచి భుజాల దాకా లేపేటప్పుడు, అది మోకాళ్ళు దాటాక మడమలు, మోకాళ్ళు, నడుము ఒక్కసారిగా విచ్చుకుంటాయి కదా, స్లెడ్‌ని కదిలించే మొదటి తోపు కూడా ఆ ఊపే. బాబ్‌స్లే వాళ్ళు జిమ్‌లో పవర్ క్లీన్లు చేసేది అందుకే. తేడా ఆ తర్వాత వస్తుంది. మనకి బార్ తల మీద నిలబడితే పని అయిపోయినట్టే. అక్కడ బండి కదిలిన క్షణం నుంచీ మన చేతుల్లోంచి జారిపోవాలని చూస్తుంది, తోస్తూనే దాన్ని అందుకోవాలి. యాభై మీటర్లు, ఐదారు సెకన్లు. ఆ తర్వాత ఎగిరి లోపల కూర్చుని తల వంచేయాలి. ఇద్దరి బండిలో ముందు కూర్చున్న డ్రైవర్‌కి దారి కనిపిస్తుంది. వెనకున్న బ్రేక్ మనిషి మాత్రం గంటకు 130 కిలోమీటర్లు దాటే వేగంలో నిమిషం పాటు ఏమీ చూడదు. గీత దాటాక బ్రేక్ లాగుతుంది, అంతే.

బరువు సంగతీ చెప్పాను. మగవాళ్ళ నలుగురి బండికి మనుషులతో కలిపి 630 కిలోల హద్దుంది. మనుషులు తేలికైతే బండిలో అదనపు బరువు వేసుకోవచ్చు, కానీ దాన్నీ వాళ్ళే తోయాలి. కాబట్టి ఒంట్లో బరువుండి పరుగెత్తగలిగినవాళ్ళే కావాలి. అమెరికా పరుగుల రాణి లారిన్ విలియమ్స్ 2012 లండన్‌ ఒలింపిక్స్‌లో 4×100 రిలే స్వర్ణం గెలిచిన జట్టు మనిషి. 2014 సోచి వింటర్ ఒలింపిక్స్‌లో బాబ్‌స్లే వెనక సీట్లో కూర్చుని రజతం తెచ్చింది. స్వర్ణానికి తేడా సెకనులో పదో వంతు.

మన దేశంలో బాబ్‌స్లే ట్రాక్ లేదని కూడా చెప్పాను. దాచి ఆశపెట్టడం నాకు చేతకాదు. మన శివ కేశవన్ లూజ్ బండికి (వెల్లకిలా పడుకుని మంచు మీద జారే బండి) చక్రాలు బిగించి హిమాలయాల రోడ్ల మీద ప్రాక్టీసు చేశాడు, 1998 నుంచి 2018 దాకా ఆరు వింటర్ ఒలింపిక్స్‌కి వెళ్ళాడు. అది విన్నాక పిల్ల చాలాసేపు మాట్లాడలేదు.

సాయంత్రం బాపును తీసుకురావడానికి ఎనుమాముల మార్కెట్‌కి వెళ్ళాను. హమాలీ పని మానేసినా మిర్చి సీజన్‌లో ఆయన ఇంట్లో ఉండలేడు. గేటు దగ్గరే ఘాటు గొంతుకు పట్టుకుంది. బస్తాలు నింపిన ట్రాలీ ఆటో ఒకటి గుంతలో దిగబడింది. నలుగురు వెనక చేరారు. ఒకాయన చెప్పులు విడిచి పక్కన పెట్టాడు. కాలివేళ్ళు మట్టిలో దిగాయి, తల భుజాల మధ్యకు వంగింది. ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. "హైస్సా" అనగానే నాలుగు వీపులూ ఒకేసారి లేచాయి. బండి గుంత దాటగానే ముగ్గురు ఆగిపోయారు. చెప్పులు విడిచినాయన మాత్రం, బండి దానంతట అది వేగం అందుకునేదాకా చెయ్యి తీయకుండా పరుగెత్తాడు. నేను పొద్దున చెప్పలేకపోయింది అదే.

దారిలో బాపుకి ఈ ఆట సంగతి చెప్పాను.

"ఎనుకున్నోనికి తొవ్వ కనపడదా బిడ్డా?"

"కనపడదు బాపూ. ముందున్నోళ్ళను నమ్ముడే."

"మరి పతకం ఎవలకు?"

"ఇద్దరికీ."

"గట్లయితే మంచిదే" అన్నాడు.

ఇంటికి రాగానే ఫోన్ చేసి పిల్ల పేరు పై కేటగిరీకి మార్పించాను. పతకం రాకపోతే పోనీ. పోటీ అయ్యాక పరుగు మొదలుపెట్టిస్తాను. పక్కింటివాళ్ళ పాత జీపు టైరు అడిగి తెచ్చాను. తాడు ముడి బాపు వేసి, కొస చేతికి చుట్టుకుని రెండుసార్లు గట్టిగా లాగి చూశాడు. స్కూల్ గ్రౌండ్‌లో వేపచెట్టు నుంచి నీళ్ళ ట్యాంకు దాకా యాభై మీటర్లు వస్తుందనుకుంటున్నాను, రేపు టేపు పెట్టి కొలవాలి.

ఇందాక "తిన్నావా?" అని పిల్లకి మెసేజ్ పెట్టాను. కంచం ఫోటో పంపింది. అన్నం, పప్పుచారు, రెండు గుడ్లు.