పొటాషియానికి ‘కె’ అక్షరం ఎలా వచ్చింది?

పొటాష్ డచ్ మాట: పాట్ అంటే కుండ, ఆష్ అంటే బూడిద. తయారీ కూడా అచ్చం అలాగే ఉండేది. కట్టెల బూడిదలో నీళ్ళు పోసి కలిపి, మడ్డి దిగాక పైతేటని వంచి, ఇనప పాత్రలో ఇగిరేదాకా కాచేవాళ్ళు. మిగిలే గోధుమరంగు గట్టి సరుకే పొటాష్, అంటే ముఖ్యంగా పొటాషియం కార్బొనేట్. కొలిమిలో మళ్ళీ కాలిస్తే మసి పోయి తెల్లబడుతుంది. బూడిద వానకి తడిసిందా, పని చెడినట్టే: కార్బొనేట్ కరిగి పోతుంది, సున్నపు మడ్డి మిగులుతుంది. అల్యూమినియం గిన్నె వాడితే ఈ క్షారం గిన్నెనే తినేస్తుంది.

1807లో లండన్‌లో రసాయనవేత్త హంఫ్రీ డేవీ కాస్టిక్ పొటాష్‌లోకి, అంటే పొటాషియం హైడ్రాక్సైడ్‌లోకి, కరెంటు పంపాడు. బాగా ఎండిన ముక్కలోంచి కరెంటు పారదు. నీళ్ళలో కరిగిస్తే నీరే విడిపోతుంది, లోహం రాదు. గాలి తేమకి పైపైన కాస్త చెమ్మగిల్లిన ముక్క పెట్టాకే పాదరసంలా మెరిసే బొట్లు తేలాయి, కొన్ని అక్కడికక్కడే పేలి మండాయి. దానికి ఆయన పెట్టిన పేరు పొటాషియం.

జర్మన్లు మాత్రం కేలియం అన్నారు. స్వీడన్ రసాయనవేత్త బెర్జీలియస్ గుర్తుగా ఎంచుకున్న ‘కె’ అందులోదే. కేలియంకి మూలం అరబ్బీ ‘అల్-ఖలీ’. క్షారానికి ఇంగ్లీషు మాట ఆల్కలీ కూడా అక్కణ్ణుంచే. తమాషా ఏమిటంటే, అల్-ఖలీ అంటే ఉప్పునేలల్లో పెరిగే మొక్కల బూడిద. అందులో ఎక్కువగా ఉండేది సోడియం కార్బొనేట్! న్యాయంగా ‘కె’ సోడియానికి చెందాలి. సోడియం క్షారం, పొటాషియం క్షారం వేరువేరని 1736లో ఫ్రాన్స్‌లో దుహామెల్ అనే శాస్త్రవేత్త తేల్చేనాటికే పేర్లు కలగాపులగం అయిపోయాయి. సోడియానికి ఈజిప్టు సోడా ఖనిజం నేట్రాన్ మీదుగా నేట్రియం, ‘ఎన్ఏ’ దక్కాయి.

ఎరువుల కొట్లో ఈ పాత మాటలింకా బతికే ఉన్నాయి. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌లో ‘మ్యూరియా’ లాటిన్‌లో ఉప్పునీరు. ఆ బస్తాలో ఉన్నది పొటాషియం క్లోరైడ్. పొటాషియం ఆక్సైడ్ రవ్వంతైనా లేదు. అయినా లెక్క పాత పద్ధతిలో ఆక్సైడ్‌గానే, 60 శాతం అని వేస్తారు. అసలు పొటాషియం కావాలంటే 0.83తో గుణించాలి: 50 కిలోల బస్తాలో ఆక్సైడ్ లెక్కన 30 కిలోలు, పొటాషియం దాదాపు 25. పొగాకుకి మాత్రం ఇది వెయ్యకూడదు. క్లోరైడ్ ఎక్కువైతే ఆకు సరిగా కాలదు, పొటాషియం సల్ఫేట్ రకమే కొనాలి.