పెచ్చు లేచిన గాజు కప్పు

మంగళవారం మా మసాజ్ కేంద్రానికి గిరాకీ పలుచగా ఉంటుంది కాబట్టి, ఒంటి మీద గాజు కప్పులు ఆనించి లోపలి గాలి తగ్గించి చర్మాన్ని పైకి లాగే కప్పింగ్ చేసే థెరపిస్టు ఉద్యోగానికి అడిగిన ముగ్గురినీ ఈ రోజే నారాయణగూడకు రమ్మన్నాను. నెల రోజులుగా ఈ పనిని వాయిదా వేస్తూ వచ్చాను. కిందటిసారి పెట్టుకున్న కుర్రవాడు ఒక పెద్దాయన వీపు మీద కప్పులు పెట్టి అరగంట సేపు ఫోనులో మునిగిపోవడంతో ఆయనకు బొబ్బలు లేచాయి. మందుల ఖర్చు నేనే భరించాను.

మొదట వచ్చినతను రెండు రోజుల శిక్షణకు ఇచ్చిన సర్టిఫికెట్టు చూపించి, కప్పు ఒంట్లోని విషాన్నంతా లాగేస్తుందని, మచ్చ ఎంత నల్లబడితే అంత విషం పోయినట్టని చెప్పాడు. అది చర్మం కింది సన్నని రక్తనాళాలు చిట్లడం వల్ల ఏర్పడే కమిలిన మచ్చ మాత్రమేనని నాకు తెలుసు. 2016 రియో ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీద ఆ గుండ్రటి మచ్చలు కనిపించిన నాటి నుంచి జిమ్‌కు వెళ్ళే కుర్రకారు నొప్పి మాట అటుంచి మచ్చలే కావాలంటున్నారు, అది వేరే సంగతి.

రెండో ఆయన గాట్లు పెట్టి రక్తం తీసే హిజామా తప్ప మరొకటి చేయనన్నాడు. చార్మినార్ దగ్గర నిజామియా యునానీ ఆసుపత్రి ఉన్న ఈ ఊళ్ళో ఆ వైద్యానికి గౌరవం ఉన్నది, నాకూ ఉన్నది. కానీ అది వైద్యుడి చేతిలో జరగవలసిన పని, రక్తం అంటిన దూదిని మామూలు చెత్తలో పారేసే మా బోటి చోట జరగవలసినది కాదు. నాకు గాట్లు లేని పొడి కప్పింగ్ చాలు.

మూడో ఆమె శాలిబండ నుంచి వచ్చింది. చేతులు కడుక్కుని, మా గాజు కప్పుల అంచులను ఒక్కొక్కటిగా బొటనవేలితో తడిమి, ఒకదాన్ని పక్కన పెట్టి, “దీనికి పెచ్చు లేచింది మేడమ్, చర్మం కోసుకుంటుంది” అన్నది. ఏడాదిగా ఆ కప్పు నా అలమారులోనే ఉన్నది! నా భుజం మీద చేసి చూపించమంటే, రక్తం పలుచబడే మందులు వాడుతున్నానా, రక్తహీనత ఉన్నదా, టిఫిన్ చేశానా అని అడిగి, చేయలేదని తెలిసి ముందు రెండు బిస్కెట్లు తినిపించింది. ఆ తర్వాత స్పిరిటులో ముంచిన దూదిని చుక్క కారకుండా పిండి, పట్టకారుతో పట్టుకుని వెలిగించి, ఆ మంటను కప్పులో ఒక్క క్షణం తిప్పి బయటకు తీసి, కప్పును భుజం మీద ఆనించింది. వేడెక్కిన గాలి చల్లారి కుంచించుకుపోతున్న కొద్దీ లోపలి చర్మం పూరీలా పొంగడం అద్దంలో చూశాను. ఏడు నిమిషాలూ ఆమె నా పక్కనుంచి కదలలేదు. తీసేటప్పుడు కప్పును గుంజలేదు. అంచు పక్కన చర్మాన్ని వేలితో నొక్కి గాలి చొరనిచ్చేసరికి అదే ఊడి వచ్చింది. నాకు కావలసిన పనితనం ఆ వేలిలోనే కనిపించింది.

జీతం ఇరవై నాలుగు వేలు అడిగితే, ఇరవై రెండు వేలకు, శుక్రవారం మధ్యాహ్నం సెలవుకు ఒప్పందం కుదిరింది. ఒకటో తారీఖు నుంచి వస్తుంది. మెట్ల దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చి, గదిలో గోడ గడియారం లేదని, బల్లకు ఎదురుగా ఒకటి పెట్టించమని అడిగింది.