స్టేషియాలో సరుకు దాచేవాళ్లు కాదు

కరీబియన్ సముద్రంలో సెయింట్ మార్టెన్ లంక నుంచి సెయింట్ యూస్టేషియస్‌కు చిన్న విమానంలో ఇరవై నిమిషాలు. దీన్నే స్టేషియా అంటారు. ఆ కాస్త దూరానికి పుచ్చుకున్న టికెట్ డబ్బుతో హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్లిరావచ్చు. దిగాక కొట్లో ధరలు చూస్తే ఇంకా ఒళ్లు మండుతుంది. 21 చదరపు కిలోమీటర్ల లంక, ఉల్లిపాయ దగ్గర్నుంచి అన్నీ ఓడలో రావాల్సిందే.

ఈ స్టేషియాకే ఒకప్పుడు చవకకు పేరు. 1775లో ఇటొచ్చిన ఒక స్కాట్లండ్ ఆవిడ ఫ్రెంచి చేతితొడుగులు జత 14 పెన్నీలకు కొంది. ఇంగ్లండు మేజోళ్లు కూడా సొంత దేశంలోకన్నా ఇక్కడే చవకని రాసుకుంది. అదెలాగో తెలియాలంటే ఓరాన్యె కోట పక్కనుంచి రాళ్లు పరిచిన పాత బాట పట్టి దిగువ ఊరికి దిగాలి. మధ్యాహ్నం దిగకండి, ఎక్కేటప్పుడు ప్రాణం పోతుంది.

కింద మైలు పొడవునా గోదాముల మొండిగోడలే. కొన్నిటిని సముద్రం మింగేసింది. నల్లటి అగ్నిపర్వతపు రాయి, మధ్యమధ్య పసుపు రంగు చిన్న ఇటుకలు. హాలండు నుంచి వచ్చే ఓడల అడుగున బరువు కోసం వేసుకొచ్చిన ఇటుకలవి. ఓడరేవంటూ లేదు. ఓడలు బయట లంగరేస్తే సరుకు పడవల్లో దింపి నేరుగా ఈ గోదాముల్లోకి చేర్చేవాళ్లు.

దొంగ వ్యాపారమంటే చీకటి, గుహలు అనుకుంటాం. ఇక్కడ అంతా పట్టపగలే. 1756లో డచ్చివాళ్లు దీన్ని సుంకాల్లేని స్వేచ్ఛా రేవు చేశారు కాబట్టి స్టేషియాలో ఏదీ నేరం కాదు. నేరమయ్యేది సరుకు లంక దాటాకే. ఎదురుగా ఉన్న సెయింట్ కిట్స్‌లో ఇంగ్లీషు తోటదార్లు పంచదార ఎగుమతి మీద నాలుగున్నర శాతం సుంకం కట్టాలి. అది తప్పించుకోవడానికి పీపాలు రాత్రిపూట ఇటు తోలేవాళ్లు. కట్టక తప్పనప్పుడు సుంకం కింద నాసిరకం పంచదార అంటగట్టేవాళ్లు. స్టేషియా సొంత పంచదార ఏడాదికి ఆరు లక్షల పౌన్ల బరువుకు మించదు. 1779లో ఎగుమతైంది రెండు కోట్ల పౌన్ల పైనే!

అమెరికా ఓడలది ఇంకో దారి. పరాయి దేశాల మొలాసిస్ (పంచదార తీయగా మిగిలే మడ్డి) మీద 1733 నాటి ఇంగ్లీషు చట్టం గాలనుకు ఆరు పెన్నీల సుంకం వేసింది. అంత కడితే వ్యాపారమే ఉండదు. అందుకని ఫ్రెంచి సరుకు నింపుకొని, అది ఇంగ్లీషు లంక అంగ్విల్లాలో పండిందని కాగితాలు పుట్టించేవాళ్లు. అంగ్విల్లాలో అంత చెరుకు ఎక్కడిది? ఆ కాగితాలు ఒప్పుకున్నందుకే 1764లో అమెరికాలోని సేలం సుంకాధికారి జేమ్స్ కాకిల్ ఉద్యోగం ఊడింది. పై అధికారులు చాలామంది ఇంగ్లండులో కూర్చుని జీతం తీసుకునేవాళ్లు. రేవులో ఉండే డిప్యూటీకి లంచమే జీతం. అక్కడే చట్టం చచ్చింది. తర్వాత అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వచ్చాక తుపాకిమందు టీ పెట్టెల్లో, బియ్యం పీపాల్లో అమెరికాకు వెళ్లింది.

సుంకాధికారుల వల్ల కానిది ఇంగ్లీషు నౌకాదళం చేసింది. 1781 ఫిబ్రవరి 3న అడ్మిరల్ రోడ్నీ వచ్చేసరికి, బ్రిటన్ హాలండుపై యుద్ధం ప్రకటించిన సంగతి ఇక్కడెవరికీ తెలియదు. లంగరేసి ఉన్న 130 దాకా ఓడలు దొరికిపోయాయి. డచ్చి జెండా దించకుండా నెలపాటు ఉంచి, నమ్మి వచ్చిన ఓడల్నీ పట్టాడు. యూదు వర్తకుల బట్టల మడతలు కూడా విప్పి వెతికించి, కొందరిని దేశం దాటించాడు. పైన ఊళ్లో వాళ్ల హోనెన్ దాలిమ్ గుడి గోడలు ఇప్పటికీ ఉన్నాయి, 1739 నాటివి. (1781లోనే, రోడ్నీ వచ్చిన ఆ యుద్ధంలోనే మన భీమునిపట్నం డచ్చి కోట కూడా ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది.)

గోదాముల్లో దొరికిన సరుకులో చాలా భాగం ఇంగ్లీషు వర్తకులదే. వాళ్లు రోడ్నీ మీద వేసిన దావాలు ఏళ్ల తరబడి నడిచాయి. ఇంగ్లండుకు పంపిన దోపిడీ సొమ్ములో పెద్ద వాటా దారిలోనే ఫ్రెంచివాళ్లు ఎత్తుకుపోయారు. నవంబరులో లంకనూ వాళ్లే పట్టారు.