తెరమీది దోహా, తిరిగి చూసిన దోహా

ఖతార్ రాజధాని దోహాలో మూడు మెట్రో లైన్లూ కలిసేది మ్షైరిబ్ స్టేషన్‌లో. ఒకసారికి 2 రియాళ్లు, రోజు పాస్ 6. ఆ పాస్‌తో 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్ స్టేడియాలు ఎనిమిదింటిలో ఐదింటిని చూడొచ్చు. అల్ బైత్, అల్ జనూబ్, అల్ థుమామాలకు మాత్రం మెట్రో దిగి బస్సో ట్యాక్సీయో ఎక్కాలి.

నేను గోల్డ్ లైన్ చివర రాస్ బు అబ్బూద్‌లో దిగాను. ఎదురుగా 974 కంటైనర్లు పేర్చి కట్టిన స్టేడియం. కప్పు అయ్యాక విప్పేస్తారని అప్పట్లో ప్రతి ఛానెలూ చెప్పింది. 2024 డిసెంబరులోనూ అక్కడ మ్యాచ్‌లు జరిగాయి.

అక్కడి నుంచి సముద్రపు ఒడ్డు దారి కార్నిష్. అర్జెంటీనా, బ్రెజిల్ జెర్సీలతో ఊరేగిన మలయాళీలను డబ్బిచ్చి తెచ్చిన అభిమానులేమోనని విదేశీ మీడియా అనుమానించింది ఇక్కడే. కోళికోడ్ జిల్లా పుళ్లావూరు నదిలో ఆ ఏడాదే లేచిన మెస్సీ, నెయ్‌మార్ కటౌట్లు చూసినవాళ్లు ఆ మాట అనరు.

ప్రపంచమంతా తిరిగిన అంకె ఇంకోటుంది: 6,500. 2021 ఫిబ్రవరిలో బ్రిటన్ పత్రిక గార్డియన్ వేసిన కథనంలో అది భారత్, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకల నుంచి ఖతార్ వెళ్లి పదేళ్లలో చనిపోయినవాళ్ల లెక్క. ఎవరు ఏ పని చేసేవారో అందులో విడిగా లేదు. నోళ్లు మారేసరికి అది ‘స్టేడియాలు కడుతూ 6,500 మంది మృతి’ అయింది. నిర్వాహకులేమో స్టేడియం పనివాళ్లలో పని ప్రమాదాల మరణాలు 3, ఇతర కారణాలవి 37 అన్నారు. ఆ లెక్క స్టేడియం గేటు దగ్గరే ఆగిపోతుంది. మెట్రో తవ్వినవాళ్లు, హోటళ్లు కట్టినవాళ్లు దానిలోకి రారు.

ఈ అంకెల కొట్లాటలో అసలు సంగతి మరుగున పడింది. గార్డియన్ సేకరించిన వివరాల్లో భారతీయుల మరణాలు 80 శాతం ‘సహజం’. పోస్ట్‌మార్టం చేయకపోతే వడదెబ్బకు ఆగిన గుండె కూడా ఆ గడిలోకే చేరుతుంది. అలా రాసేస్తే కంపెనీ నుంచి రావాల్సిన పరిహారం పోతుంది. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో శవపేటిక దింపుకున్న ఇంటికి మరణ కారణం రాసిన ఆ ఒక్క కాగితమే దిక్కు. దాని మీద ఏం రాశారో, ఎందుకలా రాశారో అడిగిన వార్తలు చాలా తక్కువ.

కార్మికులుండే ఏషియన్ టౌన్‌కి ట్యాక్సీ తీసుకోవడం మేలు. కప్పు రోజుల్లో అక్కడి క్రికెట్ స్టేడియంలో పెద్ద తెర కట్టి మ్యాచ్‌లు చూపించారు.

తిరిగి మ్షైరిబ్ వస్తే, స్టేషన్‌కి దగ్గర్లోనే బిన్ జల్మూద్ హౌస్. ఖతార్‌లో 1952 దాకా సాగిన బానిసత్వాన్ని ఆ దేశమే తన మ్యూజియంలో చెప్పుకుంటుంది. ప్రవేశం ఉచితం. కనీసం గంట ఉంచుకోండి.