వెనక సీట్లో కూర్చుని ఎంచుకున్న కారు

మేం ఫ్యాక్టరీలకు ఎనర్జీ ఆడిట్ చేస్తాం. కంప్రెసర్ పైపుల్లో గాలి ఎక్కడ లీకవుతోంది, బాయిలర్ వేడి ఎంత పొగగొట్టంలోంచి ఊరికే పోతోంది, పనిలేని మోటార్లు రాత్రంతా ఎందుకు తిరుగుతున్నాయి అని కొలిచి, బిల్లు తగ్గే దారి చెప్పడం మా పని. ఆఫీసు పాత బండి మూలకు చేరే దశకు రావడంతో కొత్తది కొనాలనుకున్నాం. క్లయింట్లను ఎయిర్‌పోర్టు నుంచి ప్లాంటుకు తీసుకెళ్లాలి, మేం మీటింగులకు వెళ్లాలి. అవసరం అంతే. కానీ "క్లయింట్ కంటికి ఎలా కనిపిస్తుంది?" అనే ప్రశ్న రాగానే నాకూ నా పార్ట్‌నర్‌కూ మధ్య వారాల తరబడి వాదన నడిచింది.

అతను చెప్పేదేంటంటే, మన పనితనం క్లయింట్‌కు అర్థం కావడానికి నెలలు పడుతుంది, మన కారు కనబడటానికి ఒక్క క్షణం చాలు. బానెట్ మీద జర్మన్ కంపెనీ గుర్తు ఉంటే "వీళ్లకు గిరాకీ బాగానే ఉంది, అంటే పని బాగానే చేస్తారు" అనుకుంటారు. ఫీజు దగ్గర బేరం కూడా తగ్గుతుంది.

ఇందులో నిజం లేకపోలేదు. ఖరీదైన ఇళ్లు అమ్మేవాళ్లకో, వాటికి ఇంటీరియర్స్ చేసేవాళ్లకో ఈ లెక్క సరిపోతుంది. వాళ్లు అమ్మేదే ఆ తరహా జీవితం. అది వాళ్ల బట్టల్లోనూ బండిలోనూ కనిపించాలి. మేం అమ్మేది పొదుపు. పొదుపు చెప్పడానికి వెళ్లినవాళ్లు ధగధగలాడే కారులోంచి దిగితే ప్లాంట్ మేనేజర్ మొదట వేసుకునే లెక్క మా ఫీజు గురించే. బేరం తగ్గడం కాదు, ఇంకా గట్టిపడుతుంది.

పార్ట్‌నర్‌ను ఒప్పించడానికి నేను వాడుకున్న ఉదాహరణ 2008 నాటిది. ఆ ఏడాది నవంబర్‌లో అమెరికాలో జనరల్ మోటార్స్, ఫోర్డ్, క్రైస్లర్ కంపెనీల అధిపతులు ముగ్గురూ ప్రభుత్వ సాయం అడగడానికి వాషింగ్టన్ వెళ్లారు. ఎవరి ప్రైవేట్ జెట్‌లో వాళ్లు వెళ్లారు. చెయ్యి చాచడానికి జెట్‌లో వచ్చారా అని అక్కడి పార్లమెంటు (కాంగ్రెస్) సభ్యులు అక్కడే కడిగేశారు, పేపర్లూ టీవీలూ ఆ ముక్కే పట్టుకున్నాయి. డిసెంబర్‌లో మళ్లీ పిలిచినప్పుడు ముగ్గురూ డెట్రాయిట్ నుంచి 800 కిలోమీటర్లకు పైగా రోడ్డు మీద, తమ కంపెనీల హైబ్రిడ్ (పెట్రోలు ఇంజన్, కరెంటు మోటారు రెండూ ఉండే) కార్లలోనే వచ్చారు. కార్లు తయారుచేసేవాళ్లకే ఏ బండి దిగితే ఏం అర్థం వస్తుందో తట్టలేదంటే మిగతావాళ్ల సంగతి చెప్పాలా?

అతను వెంటనే రెండో వైపుకు దూకాడు. "అయితే పాతదే నడుపుదాం. వాల్‌మార్ట్ పెట్టిన సామ్ వాల్టన్ అంతటివాడే 1979 నాటి ఫోర్డ్ పికప్‌లో తిరిగాడు, ఫర్నిచర్ కంపెనీ ఐకియా పెట్టిన ఇంగ్వార్ కాంప్రాడ్ ఏళ్ల తరబడి పాత వోల్వోనే నడిపాడు." ఈ కథలు వినడానికి బాగుంటాయి. కానీ వాల్టన్ డబ్బు సంగతి లోకమంతటికీ తెలుసు కాబట్టి ఆ ట్రక్కు నిరాడంబరత అయింది. మేం సైలెన్సర్ మోగుతున్న హ్యాచ్‌బ్యాక్‌లో దిగితే వ్యాపారం నడవట్లేదేమో అనుకుంటారు. పైగా మా బండే పొగ కక్కుతుంటే వాళ్ల బాయిలర్ గురించి ఏ ముఖంతో మాట్లాడతాం?

గుర్తు విలువ గురించి కూడా ఒక మాట. ఫోక్స్‌వాగన్ 2002లో ఫేటన్ అనే పెద్ద సెడాన్ తెచ్చింది. ఆ కంపెనీని నడిపిన ఫెర్డినాండ్ పీఎక్ ఇంజనీర్లకు పెట్టిన షరతుల్లో ఒకటి బాగా పేరుపడింది: బయట 50 డిగ్రీల ఎండలో రోజంతా 300 కిలోమీటర్ల వేగంతో నడిపినా లోపల 22 డిగ్రీలే ఉండాలి. ఎంతో ఖరీదైన బెంట్లీ కాంటినెంటల్‌కూ దీనికీ పునాది ఒకటే. ఇన్ని ఉన్నా ముందు భాగంలో సామాన్యుల కార్ల మీదుండే గుర్తే ఉండటంతో అంత ధర పెట్టేవాళ్లు పెద్దగా ముందుకు రాలేదు. అమెరికాలో 2006లోనే అమ్మకం ఆపేశారు, 2016లో ఉత్పత్తే మానేశారు. ఈ కథ పార్ట్‌నర్ వాదనకే బలం ఇస్తుందని నాకూ తెలుసు. జనం గుర్తుకు డబ్బిస్తారు, కాదనను.

అయితే ఆ గుర్తు అర్థం కూడా ఊరు మారితే మారిపోతుంది. మెర్సిడెస్ ఇ-క్లాస్ అంటే చాలాచోట్ల హోదా. జర్మనీలో అదే బండి లేత పసుపు రంగు వేసుకుని టాక్సీ స్టాండ్లో నిలబడి ఉంటుంది. టయోటా క్యామ్రీ ఒకచోట కంపెనీ డైరెక్టర్ల బండి, న్యూయార్క్‌లో పసుపు టాక్సీ. మా క్లయింట్లు పలు దేశాల నుంచి వస్తారు. ఒకరి కంట్లో గొప్పగా కనిపించేది ఇంకొకరికి ఎయిర్‌పోర్టు టాక్సీలా కనిపిస్తుంది. ఇలాంటి దాని మీద అంత డబ్బు పెట్టడం నాకు నచ్చలేదు.

ఇంతకీ మేమిద్దరం ఎక్కడ కలిశామంటే వెనక సీట్లో. క్లయింట్ మా కారును బయటి నుంచి చూసేది దాని వైపు నడిచి వచ్చే కొన్ని అడుగులు. లోపల కూర్చునేది గంట, ట్రాఫిక్ ఉంటే గంటన్నర. అంతసేపు వాళ్ల మోకాళ్లు ముందు సీటుకు ఒత్తుకుంటుంటే బానెట్ మీద ఏ గుర్తుంటే ఏం లాభం? ఈ మాట అన్నాక వాదన తగ్గి పని మొదలైంది.

షోరూముల్లో ఎవరూ మనల్ని వెనక కూర్చోబెట్టరు. నేరుగా స్టీరింగ్ ముందుకే తీసుకెళ్తారు. "మేడమ్, ముందు ఒకసారి టచ్‌స్క్రీన్ చూడండి" అంటారు. నేను మాత్రం పార్ట్‌నర్‌ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, అతని ఎత్తుకు తగ్గట్టు సీటు జరిపించి, సరిగ్గా అతని వెనకే కూర్చునేదాన్ని. తర్వాత ముందు పాసింజర్ సీటు వెనక. తలుపు ఎంత కోణంలో తెరుచుకుంటుంది, దిగేటప్పుడు పాదం గుమ్మానికి తగులుతోందా, తల పైన ఎంత ఖాళీ ఉంది, ఏసీ గాలి వెనక్కి వస్తోందా, అద్దం పూర్తిగా కిందికి దిగుతుందా, ఇవన్నీ చూసేవాళ్లం. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని నాలుగు లైన్లు టైప్ చేసి చూశాను. కొన్ని బండ్లలో పనోరమిక్ గాజు కప్పు అద్భుతంగా కనిపించింది కానీ మధ్యాహ్నం ఎండకు నడినెత్తి మాడింది.

ఎత్తయిన ఎస్‌యూవీలు పార్ట్‌నర్‌కు ఇష్టం. రాజసంగా ఉంటాయంటాడు. మా క్లయింట్లలో మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఉన్నారు. కొన్నింటిలోకి వాళ్లు పైన హ్యాండిల్ పట్టుకుని ఎక్కాలి. మర్యాద చేయాల్సిన మనిషిని అలా ఎక్కించడం నాకు బాగుండదు. తీరా సెడాన్ అయితే లోపలికి కాస్త కుంగి కూర్చోవాలి. ఈ విషయంలో నడుం ఎత్తులో సీటుండే క్రాసోవర్లే (మామూలు కారుకూ ఎస్‌యూవీకీ మధ్య రకం) మంచివి. కానీ డిక్కీలో మా కొలిచే పరికరాల పెట్టెలు రెండు, క్లయింట్ సూట్‌కేసులు రెండు పట్టాలి. అవి వెనక సీట్లో వాళ్ల పక్కనే కూర్చోకూడదు. మాకు నచ్చిన చిన్న క్రాసోవర్లు అక్కడే ఆగిపోయాయి.

టాప్ మోడల్ తీసుకుంటే క్లయింట్‌కు ఇంకా సుఖం అనుకుంటాం కదా. చాలాసార్లు తిరగబడుతుంది. మేం చూసిన ఒకే కారులో కింది మోడల్‌కు 205/65 ఆర్16 టైర్లు, పై మోడల్‌కు 235/45 ఆర్18. మొదటి అంకె మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, చివరిది అంగుళాల్లో చక్రం సైజు. మధ్యలోని 65, 45 అన్నవి ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు ఎంత శాతమో చెప్తాయి. లెక్క వేస్తే మొదటిదాంట్లో రబ్బరు గోడ దాదాపు 133 మిల్లీమీటర్లు, రెండోదాంట్లో 106. బయటి నుంచి పెద్ద అల్లాయ్ చక్రం అందంగా కనిపిస్తుంది, గుంటలో పడ్డప్పుడు ఆ దెబ్బను మింగే గాలీ రబ్బరూ తగ్గిపోతాయి. దాదాపు వెనక ఇరుసు మీదే కూర్చున్నవాళ్ల నడుముకు ఆ తేడా తెలుస్తుంది. సేల్స్ అబ్బాయి మా మీద జాలిపడ్డట్టు చూశాడు గానీ మేం చిన్న చక్రాల మోడలే అడిగాం.

ఎలక్ట్రిక్ కారు తీసుకోవాలని నాకు మొదట్లో గట్టిగా ఉండేది. మా వృత్తికి అంతకంటే తగిన బండి ఏముంటుంది? ఇంజన్ చప్పుడు లేదు, గేరు మారే కుదుపు లేదు. కానీ చాలా మోడళ్లలో బ్యాటరీ నేల కింద పరిచి ఉంటుంది కాబట్టి వెనక నేల ఎత్తుగా వస్తుంది. మోకాళ్లు పైకి లేచి, తొడల కింద సీటు ఆనదు. ఇంకోటి, యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే బండి తనంతట తానే బ్రేకు వేసుకుంటుంది. నడిపేవాడికి సరదా. వెనక కూర్చుని మెయిల్ చదువుకునేవాళ్లకు కడుపులో తిప్పుతుంది. ఆ బ్రేకు తీవ్రత సెట్టింగ్‌లో తగ్గించుకోవచ్చు, డ్రైవర్‌కు గుర్తుంటే. రెండు ప్లాంట్ల మధ్య హైవే మీద చార్జింగ్ కోసం క్లయింట్‌ను కూర్చోబెట్టి ఎదురుచూడటం అన్న ఆలోచనకే నాకు టెన్షన్ వచ్చింది. ఊళ్లోనే తిరిగే ఆఫీసులకు మాత్రం ఇప్పటికీ ఎలక్ట్రిక్కే చెప్తాను.

వెనక సీటు గురించి జపాన్ వాళ్లు ఆలోచించినంతగా ఇంకెవరూ ఆలోచించలేదేమో. టయోటా సెంచురీ అని 1967 నుంచి తయారవుతున్న బండి ఉంది. వెనక కూర్చునేవాళ్ల కోసమే కట్టిన కారు అది. దాంట్లో సీట్లకు మామూలుగా ఉన్ని బట్ట వేస్తారు. తోలు అయితే కదిలినప్పుడల్లా చప్పుడు చేస్తుందని. దాని ముందు మాకు తెలిసిన టయోటా గుర్తు కూడా ఉండదు, ఫీనిక్స్ పక్షి బొమ్మ ఉంటుంది. అది మా స్థాయి బండి కాదనుకోండి. కానీ తోలు సీట్ల కోసం అదనంగా ఇవ్వబోయిన డబ్బు ఈ సంగతి చదివాక మానుకున్నాం.

చివరికి తీసుకున్నది క్యామ్రీ హైబ్రిడ్, ముదురు బూడిద రంగు. నలుపు మీద దుమ్మూ గీతలూ కడిగిన గంటకే కనిపిస్తాయి. కాలు చాపుకునే చోటు ఉంది, డిక్కీ సరిపోయింది. ఎత్తు మీదికి గట్టిగా తొక్కితే ఇంజన్ ఒకే స్వరంలో మూలుగుతుంది, అది నాకు నచ్చదు. సీటు కిందికే ఉంది, పెద్దవాళ్లకు చెయ్యి అందించాల్సి వస్తోంది. అయినా ఒక లాభం అనుకోకుండా దొరికింది. బ్రేకు వేసినప్పుడు వేడిగా పోవాల్సిన శక్తిలో కొంత మోటారు ద్వారా బ్యాటరీలోకి తిరిగి వెళ్తుంటే ఆ బాణాలు స్క్రీన్ మీద కనిపిస్తాయి. వెనక నుంచి తొంగి చూసి క్లయింట్లే అడుగుతారు. "మీ ప్లాంటులో వృథాగా పోయే వేడి గురించి మేం చెప్పేదీ ఇదే సార్" అని అక్కడే మొదలుపెట్టొచ్చు. జర్మన్ గుర్తు గురించి అయితే "బాగుంది" అన్నాక ఇంకో మాట ఉండదు.

కొన్న తర్వాత తెలిసే గొడవలు వేరే ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది ఫోన్. బ్లూటూత్ తనంతట తాను కనెక్టయి, వెనక ఒక క్లయింట్ ఉండగా ఇంకో క్లయింట్ గొంతు స్పీకర్లలో మోగిందంటే ఇద్దరి రహస్యాలూ గల్లంతు. మా బండికి ఎవరి ఫోన్లూ కలపకూడదని మొదటి రోజే నియమం పెట్టాను, మ్యాప్ కోసం విడిగా ఒక పాత ఫోన్ ఉంచాం. సెంటు డబ్బాలు కూడా నిషేధం. ఘాటు వాసన కొందరికి తలనొప్పి తెస్తుంది, పైగా ఏదో దాచడానికి కొట్టినట్టుంటుంది. డాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు ఒక్కటి వెలిగినా ఆ రోజు క్లయింట్‌ను ఆ బండిలో ఎక్కించం. యంత్రాల మెయింటెనెన్స్ గురించి ఉపన్యాసం ఇచ్చేవాళ్ల కారులో పసుపు లైటు వెలుగుతుంటే ఇక మా రిపోర్టు చదవనక్కర్లేదు.

ఏడాదిలో ఎప్పుడో ఒకసారి పెద్ద కంపెనీ బోర్డు సభ్యులు వస్తారు. వాళ్ల సాటివాళ్లు అందరూ లాంగ్ వీల్‌బేస్ (వెనక సీటుకు ఎక్కువ చోటుండే పొడవాటి) బండ్లలో దిగుతారు. అలాంటి రోజుల కోసం డ్రైవర్‌తో సహా బండి అద్దెకు తీసుకుంటున్నాం. ఎవరూ మా ఆస్తి అనుకోరు, ఆతిథ్యం అనుకుంటారు. ఆ రోజు ఏ బండి అన్నది పార్ట్‌నర్ ఇష్టం, కాబట్టి ఎప్పుడూ జర్మన్ బండే వస్తుంది. ఆ బిల్లును ప్రాజెక్టు ఖర్చుల్లో మాత్రం వేయనివ్వను. మార్కెటింగ్ పద్దులో రాయిస్తాను, దాని మీద అతనితోనే సంతకం పెట్టిస్తాను.