చెన్నై ఏడిస్ దోమల్లో వోల్బాకియా ఉందా? మగ్గు నుంచి పీసీఆర్ దాకా నా అనుభవం

వోల్బాకియా అనేది పురుగుల కణాల్లో బతికే ఒక బాక్టీరియా. అది ఉన్న మగ దోమ, లేని ఆడ దోమతో కలిస్తే గుడ్లు పొదగవు. వోల్బాకియా ఉన్న ఆడ దోమ ఏ మగదానితో కలిసినా గుడ్లు పొదుగుతాయి, పిల్లలకూ ఆ బాక్టీరియా వస్తుంది. డెంగ్యూను ఎక్కువగా మోసే ఏడిస్ ఈజిప్టై రకం దోమలో వోల్బాకియా ఉంటే ఆ వైరస్ సరిగా పెరగదు. ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో ఇలాంటి దోమలను వదిలిన చోట డెంగ్యూ 77 శాతం తగ్గిందని 2021లో తేలింది. మనకు దగ్గర్లో, పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ కేంద్రం కూడా వోల్బాకియా ఉన్న దోమలను స్థానిక దోమలతో సంకరం చేసి రెండు వంశాలు తయారుచేసింది. అయితే ఊరి దోమల్లో అదే రకం వోల్బాకియా ముందే ఉంటే వదిలిన దోమలకు ఏ పైచేయీ ఉండదు. అందుకే ఊరి దోమల్లో అది ఉందో లేదో ముందు ఈ పరీక్ష.

గుడ్ల కోసం అరలీటరు నల్ల ప్లాస్టిక్ మగ్గు చాలు. వాన నీటికి గుడ్లు మునిగిపోకుండా మూడింట రెండు వంతుల ఎత్తులో ఒక కన్నం పెట్టాలి. లోపలి గోడకు ఫిల్టర్ పేపర్ పట్టీ, సగం నీళ్లలో, సగం పైన. లారీ నీళ్లయితే ఒక రాత్రి మూత తీసి ఉంచి వాడతాను. ఎండుగడ్డి నానబెట్టిన నీళ్లు పదో వంతు కలిపితే ఆడ దోమలు ఇంకా బాగా వస్తాయి. మెట్ల కింద, బట్టలుతికే చోట, పూలకుండీల వెనక పెట్టాలి. మిద్దె మీద ఎండకు నీళ్లు కాగిపోతాయి. “ఏం బాబూ, దోమల్ని పట్టడానికా, పెంచడానికా?” అని ఇళ్లలో పెద్దవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మన వేడికి ఎనిమిది రోజుల్లో గుడ్డు దోమైపోతుంది కాబట్టి ఐదో రోజుకల్లా మగ్గు ఎత్తేయాలి.

ఎక్కువమంది దగ్గర పని చెడేది పట్టీ ఆరబెట్టడంలో. తీసిన వెంటనే ఎండబెడితే లోపల పిండం ఇంకా తయారై ఉండదు, గుడ్లు నొక్కుకుపోతాయి. రెండు మూడు రోజులు తడి టిష్యూలో ఉంచి, ఆ తర్వాత నీడలో మెల్లగా ఆరనివ్వాలి. పొదిగించేటప్పుడు నీళ్లు మరిగించి చల్లార్చి, సీసా నిండా పోసి, చిటికెడు ఈస్ట్ వేసి మూత బిగిస్తాను. ఆక్సిజన్ తగ్గితేనే గుడ్లు విచ్చుకుంటాయి. లీటరుకు సుమారు రెండు వందల లార్వాలు మించకూడదు. కుక్క బిస్కెట్ పొడి మూడు పాళ్లు, ఈస్ట్ ఒక పాలు మేత. పైన తెట్టు కట్టిందంటే మేత ఎక్కువైనట్టే, వెంటనే నీళ్లు మార్చాలి.

దోమలయ్యాక ఫ్రీజర్‌లో చంపి లెన్సు కింద చూడాలి. వీపు మీద వీణలాంటి తెల్ల గీతలుంటే ఈజిప్టై, నడిమధ్య ఒకే తెల్లగీత ఉంటే ఆల్బోపిక్టస్ అనే మరో ఏడిస్ రకం. ఈ విడదీత చాలా ముఖ్యం, ఎందుకంటే ఆల్బోపిక్టస్‌లో వోల్బాకియా సహజంగానే ఉంటుంది. మురుగుకాలువల క్యూలెక్స్‌లోనూ ఉంటుంది, దాన్నే పాజిటివ్ కంట్రోల్‌గా, అంటే పరీక్ష పనిచేస్తోందని చూపే నమూనాగా వాడుకోవచ్చు. ఇక పీసీఆర్, అంటే డీఎన్ఏలో కావలసిన ముక్కను ఎన్నో రెట్లు పెంచి చూసే పరీక్ష. వోల్బాకియాకు చెందిన డబ్ల్యూఎస్‌పీ జన్యువుకు 81ఎఫ్, 691ఆర్ ప్రైమర్లు (ఆ ముక్కను పట్టుకునే చిన్న డీఎన్ఏ తునకలు), 55 డిగ్రీల దగ్గర 35 చక్రాలు. వోల్బాకియా ఉంటే 600 బేస్‌ల (డీఎన్ఏ పొడవు) దగ్గర బ్యాండ్, అంటే గీత, రావాలి. పక్కనే దోమ సొంత జన్యువునూ నడపాలి. అదీ రాకపోతే డీఎన్ఏ చెడిందని అర్థం, అది నెగటివ్ కిందికి రాదు.

ఈజిప్టైలో బ్యాండ్ వస్తే మాత్రం సంతోషపడకుండా అనుమానించాలి. నమూనాలో క్యూలెక్స్ కాలు ముక్క పడినా, ఈజిప్టై లార్వా క్యూలెక్స్ లార్వాను తిన్నా బ్యాండ్ వస్తుంది. అదే తల్లి సంతానాన్ని ల్యాబ్‌లో రెండు తరాలు పెంచి మళ్లీ చూస్తాను. నిజంగా ఉన్నదైతే తల్లి నుంచి పిల్లలకు దిగుతుంది.

మగ్గులు పెట్టేటప్పుడే ఇళ్లలోని డ్రమ్ములు, సంపులు, మిద్దె ట్యాంకుల నీటి వేడి కూడా రాసుకోవాలి. పండుఈగ నుంచి తెచ్చిన డబ్ల్యూమెల్ రకం, లార్వా నీళ్లు రోజూ 37 డిగ్రీల దాకా కాగితే సన్నగిల్లుతుంది. ఆల్బోపిక్టస్ నుంచి తెచ్చిన డబ్ల్యూఆల్బ్‌బీ ఆ వేడిని మెరుగ్గా తట్టుకుంటుంది. మే నెల చెన్నైకి ఏది నిలుస్తుందో ఆ అంకెలు చూసే ఎంచుకోవాలి.